విభూది బుధవారం: సరిహద్దు తెలుగిళ్ళలో తపస్సుకాలపు మాటలు

కొన్నేళ్ళ కిందట మా విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించాం. పండుగలకూ వ్రతాలకూ ఎవరి ఇంట్లో ఏయే మాటలు వాడతారో, పెద్దలు పలికినది పలికినట్టుగా ఒక కాగితం మీద రాసుకురమ్మన్నాం. ప్రమాణభాషలోకి దిద్దవద్దని మరీ మరీ చెప్పాం. చెంగల్పట్టు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తెచ్చిన కాగితం మాకు ఇప్పటికీ జ్ఞాపకం. వారిది కాథలిక్ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, గుడిలోనూ తమిళమే. ఆమె మొదట ‘విభూది బుధవారం’ అని రాసి, దాన్ని రెండు గీతలతో కొట్టివేసి, పైన ‘బూడిద బుధవారం’ అని దిద్దింది. ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగాం. “విభూది శివుడి గుడి మాట కద సార్, మన మాట కాదంటారు. మా అవ్వ మాత్రం అట్లనే అంటుంది” అంది. అదే కాగితంలో ఇంకొకచోట, అవ్వ చెప్పిన ఒక వాక్యం పక్కన పెద్ద ప్రశ్నార్థకం కూడా పెట్టింది. దాని సంగతి తరువాత చెబుతాం.

ఆ రెండు గీతల వెనుక సుమారు 300 ఏళ్ళ చరిత్ర ఉంది. దాన్ని చెప్పడానికే ఈ వ్యాసం. కాథలిక్ సంప్రదాయంతో పరిచయం లేని విద్యార్థుల కోసం ముందుగా ఆ కాలం స్వరూపం కొంత వివరించాలి.

క్రీస్తు ఎడారిలో నలభై దినాలు ఉపవాసం ఉన్నాడన్న సువార్త కథనాన్ని అనుసరించి, పునరుత్థాన పండుగకు ముందు నలభై దినాలు ప్రార్థనతో, ఉపవాసంతో, దానధర్మాలతో గడపడం ఈ సంప్రదాయం. 325లో జరిగిన నైసియా సభ నియమాలలోనే ఈ నలభై దినాల ప్రస్తావన ఉంది. ఆదివారాలు పునరుత్థానాన్ని స్మరించే దినాలు కనుక వాటిని ఉపవాసపు లెక్కలో చేర్చరు. అందువల్ల విభూది బుధవారం నుంచి పండుగ ఆదివారానికి వాస్తవంగా 46 రోజులు వస్తాయి. గత సంవత్సరం మట్టల పండుగనాడు పంచిన ఆకులను కాల్చి, ఆ బూడిదను ఆశీర్వదించి, గురువు నుదుట సిలువ గుర్తు పెడతారు. మనిషి మట్టి నుంచి వచ్చాడనీ మట్టిలోనే కలుస్తాడనీ గుర్తు చేస్తారు. ఈ బూడిద ఆచారాన్ని పడమటి సంఘమంతటా పాటించాలని 1091లో బెనెవెంతో సభ ఆదేశించింది. ఆ దినం మొదలు గుడిలో ఊదారంగు వస్త్రాలు కనిపిస్తాయి. ‘అల్లెలూయ’ అన్న మాట పండుగ జాగరణ రాత్రి వరకు వినబడదు.

పండుగ తేదీ ఏటా మారుతుంది. వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, మార్చి 21 అని సంఘం లెక్కకు స్థిరపరచుకొంది. ఆనాడు గాని ఆ తరువాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం పండుగ. కనుక అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. పంచాంగం ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త లెక్కేమీ కాదు. 2023లో ఉగాది మార్చి 22న, చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6న, పవిత్ర శుక్రవారం ఆ మరునాడే వచ్చాయి. కొన్నేళ్ళు పండుగ ఫాల్గుణ పున్నమి తరువాతే, ఉగాది కంటె ముందే వస్తుంది. 2024లో ఈస్టరు మార్చి 31న, ఉగాది ఏప్రిల్ 9న. ఆరంభమైన విభూది బుధవారం తరచు మహాశివరాత్రికి దగ్గరలో పడుతుంది. 2018లో రెండూ ఒక్కరోజు తేడాతో వచ్చాయి. ఆ వారంలో ఒకే వీధిలో ఇరుగుపొరుగు ఇళ్ళవారు నుదుట బూడిదతో తిరిగి ఉంటారు. ఒకరు అడ్డంగా మూడు రేఖలు, మరొకరు సిలువ.

ఇక పేర్ల విషయం. లాటిన్‌లో ఈ కాలానికి క్వాద్రజేసిమా అని పేరు, ‘నలభయ్యవది’ అని అర్థం. పోర్చుగీసువారి క్వరెజ్మా, ఫ్రెంచివారి కరేమ్, ఇటలీవారి క్వరేసిమా అన్నీ దాని పిల్లలే. ఇంగ్లీషువారి లెంట్ మాత్రం వేరు కుదురు. ప్రాచీన ఇంగ్లీషులో అది వసంతఋతువు పేరు. పగటిపొద్దు పొడవయ్యే కాలం అనే భావం అందులో ఉంది. తెలుగు కాథలిక్కులు లెక్కనూ తీసుకోలేదు, ఋతువునూ తీసుకోలేదు. ఆ రోజుల్లో మనిషి చేసే పనిని పేరుగా పెట్టుకొన్నారు: తపస్సుకాలం. వ్యాకరణం ప్రకారం తపఃకాలం కావాలి. పుస్తకాలలో ఆ రూపమూ కనిపిస్తుంది. కాని ఇంట్లో విసర్గ పలికేవారెవరు? తమిళంలో తవక్కాలం. ఆ ‘తవం’ కూడా తపస్సు అన్న సంస్కృత పదమే, ప్రాకృతం మీదుగా తమిళంలోకి దిగింది. కన్నడంలో తపస్సుకాల. మూడు భాషలలో ఒకే పదం స్థిరపడడం యాదృచ్ఛికం కాదు. దీని వెనుక ఒక దారి ఉంది. అది మధుర నుంచి ఉత్తరానికి వచ్చిన దారి.

ఇటలీ దేశపు జెస్విట్ గురువు రోబెర్తో దె నోబిలి 1606లో మధుర చేరాడు. ఆనాటి మధురను ఏలుతున్నది తెలుగు నాయకరాజులు. ఆస్థానంలో తెలుగు, ఊళ్ళో తమిళం, పండితుల నోట సంస్కృతం. నోబిలి మూడూ నేర్చుకొన్నాడు. ఆయనకు సంస్కృతం చెప్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు. పోర్చుగీసు మాటలను తమిళంలో కలిపి క్రైస్తవం బోధించే అప్పటి పద్ధతిని వదిలి, ఈ దేశంలో వాడుకలో ఉన్న మత పరిభాషలోంచే మాటలను ఎన్నుకోవాలన్నది ఆయన మార్గం. ఆ మార్గంలో నడిచిన సంఘం దేవుణ్ణి సర్వేశ్వరుడంది, ఆచార్యుణ్ణి గురువు అంది, పాపాలు ఒప్పుకొనే సంస్కారాన్ని పాపసంకీర్తనం అంది. సంకీర్తనం అనగానే మనకు అన్నమయ్య, తంబుర మనసులో మెదులుతాయి. కాని ‘నోరారా చెప్పడం’ అనే మూలార్థంలో చూస్తే ఆ ఎంపిక ఎంత తూకంగా ఉందో తెలుస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి, పాస్కా కాలంలో సత్ప్రసాదం తీసుకోవాలని 1215లో నాలుగవ లాటెరన్ సభ నియమం పెట్టింది. గురువులు కొద్దిమందే ఉండి, ఊళ్ళు దూరదూరంగా ఉన్న సీమలో ఈ నియమమే తపస్సుకాలాన్ని సంవత్సరానికంతటికీ ముఖ్యమైన కాలం చేసింది.

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్విట్లు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు సీమలోకి అడుగుపెట్టారు. పేరు కర్ణాటక మిషన్ అయినా అందులో చాలా భాగం తెలుగు మాట్లాడే నేలే. పుంగనూరు, కృష్ణాపురం, చిక్కబళ్ళాపురం వారి కేంద్రాలలో ముఖ్యమైనవి. వీరు మధుర పద్ధతినే అనుసరించి సన్యాసి వేషం వేశారు, మాంసం, మద్యం మానివేశారు, అన్నం, కూరలు, పాలతో సరిపెట్టుకొన్నారు. ఐరోపాలో ఏడాదికి నలభై రోజులు చేసే ఉపవాసాన్ని ఈ గురువులు సంవత్సరమంతా చేస్తున్నట్టే లెక్క. అట్లాంటి గురువు నోట ‘తపస్సు’ అన్న మాట వింటే, విన్నవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేకపోయింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ మిషన్‌లో పనిచేసిన కూర్దూ అనే గురువు తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. ఆయనే 1767లో పారిస్ పండితులకు లేఖ రాసి సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న పోలికలను చూపించాడు. దానం, లాటిన్ దోనుమ్. విధవ, లాటిన్ విదువా ఆయన చూపిన జంటలలో ఉన్నాయి. విలియం జోన్స్ ప్రసిద్ధ ప్రసంగం 1786 నాటిది. కూర్దూ రచన 1808 దాకా అచ్చుకు నోచుకోకపోవడంతో కీర్తి జోన్స్‌కు పోయింది. భాషాశాస్త్రం చదివే మన విద్యార్థులు ఈ తెలుగు సీమ గురువు పేరు మరచిపోకూడదు.

విభూదికి వద్దాం. నోబిలి మార్గం అందరికీ నచ్చలేదు. జంధ్యం, పిలక, చందనం వంటివి కులాచారాలా, అన్యమత చిహ్నాలా అన్న వాదం రోముకు ఎక్కింది. 1623లో 15వ గ్రెగరీ పోపు నోబిలికి అనుకూలంగా తీర్పు చెప్పాడు. కాని వాదం చల్లారలేదు. పోపు రాయబారిగా వచ్చిన తూర్నోన్ 1704 జూన్‌లో పుదుచ్చేరిలో ఒక శాసనం జారీ చేశాడు. అందులో నిషేధించిన ఆచారాలలో ఆవుపేడ కాల్చిన బూడిదను నుదుట ధరించడం ఒకటి. నలభై ఏళ్ళు వాదోపవాదాలు జరిగాక 1744లో 14వ బెనెడిక్ట్ పోపు ఆ నిషేధాలను ఖాయం చేశాడు.

అంటే చెంగల్పట్టు అమ్మాయి మాటను కొట్టివేయడానికి మూడు శతాబ్దాల ముందే, పెద్ద అధికారి ఒకాయన వస్తువును కొట్టివేశాడు. వస్తువు పోయింది, మాట నిలిచింది. నుదుట నిత్యం పెట్టుకొనే బూడిద కాథలిక్కులకు దూరమైనా, ఏడాదికి ఒకనాడు గురువు పెట్టే బూడిదకు ‘విభూది’ అనే పేరు తెలుగులోనూ తమిళంలోనూ స్థిరపడింది. తమిళులు విభూది పుదన్ అన్నారు, తిరునీట్రుప్ పుదన్ అనీ అన్నారు. ఆ ‘నీఱు’ శైవుల తిరునీఱే. మన ‘నివురు గప్పిన నిప్పు’లోని నివురుకు దగ్గర చుట్టం. భాషాశాస్త్రంలో దీన్ని అర్థవ్యాకోచం అంటారు. ఒక సమాజంలో ఒక వస్తువుకు కట్టుబడి ఉన్న పదం, మరొక సమాజంలో అదే భావం గల మరో వస్తువుకు చెల్లడం. సంస్కృతంలో విభూతికి మొదటి అర్థం ఐశ్వర్యం, మహిమ. భగవద్గీత పదవ అధ్యాయాన్ని విభూతియోగం అంటున్నది ఆ అర్థంలోనే. బూడిదగా మారడం తరువాతి పరిణామం. శైవులకు ఇమిడిన మాట క్రైస్తవులకు ఇమడకూడదని భాష ఎక్కడా అనలేదు. మరో విశేషం కూడా ఉంది. కన్నడ క్రైస్తవులు బూది బుధవార అంటారు. ఆ ‘బూది’ సంస్కృత ‘భూతి’కి తద్భవం. తెలుగు బూది, బూడిదలు కూడా ఆ కుదురులోవేనని మా అభిప్రాయం. అట్లయితే ఆ అమ్మాయి కొట్టివేసిన మాటా, పైన దిద్దిన మాటా అక్కాచెల్లెళ్ళే.

ఈ మాటలు సరిహద్దు దాటిన తీరు కూడా చెప్పుకోవాలి. రాయలసీమలో క్రైస్తవం స్వీకరించిన రెడ్డి కుటుంబాలు 18వ శతాబ్దంలో కరవులకూ దండయాత్రలకూ తట్టుకోలేక వలస పట్టాయి. కొన్ని గుంటూరు సీమకు పోయి ఫిరంగిపురం, పాటిబండ్ల ప్రాంతాలలో స్థిరపడ్డాయి. మరికొన్ని దక్షిణానికి దిగి చెంగల్పట్టు సీమలో కీళచ్చేరి వైపు నిలిచాయి. ఇంతలో 1773లో జెస్విట్ సభే రద్దయింది. గురువులు కరవైన ఆ దశాబ్దాలలో ఉపదేశులూ ఇంటి పెద్దలూ కంఠస్థంగా నిలుపుకొన్న ప్రార్థనలే సంఘాన్ని నిలబెట్టాయి. గుంటూరు వైపు పోయినవారికి చుట్టూ తెలుగే. దక్షిణానికి పోయినవారికి ఇల్లే తెలుగు.

ఆహార నియమాల మాటలు మరింత ఆసక్తికరం. లాటిన్ సంఘపు ఉపవాస నియమం పూర్తిగా తిండి మానమనదు. రోజుకు ఒక్క పూట కడుపునిండా తిని, మిగిలిన పూటల కొద్దిగా మాత్రమే తీసుకోమంటుంది. ఈ నియమానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ఒక్కపొద్దు. తమిళ కాథలిక్కుల ఒరుసంది కూడా అటువంటి నిర్మాణమే: ఒరు అంటే ఒక, సంది అంటే సంధ్య, వేళ. సంస్కృతం మీద అంత మోజున్నవారు ఇక్కడ మాత్రం ఉపవాసాన్ని పక్కన పెట్టి ఇంటి మాటను తీసుకొన్నారు. సోమవారం శివుడికీ శనివారం వెంకన్నకూ ఒక్కపొద్దులుండే ఊళ్ళో అది ఎవరికీ బోధపరచవలసిన మాట కాదు. తెలంగాణలో రంజాను ఉపవాసాలనూ ఒక్కపొద్దులే అంటారు.

ఇంత దగ్గరగా ఉన్న ‘నోము’ను మాత్రం తెలుగు క్రైస్తవులు ముట్టలేదు. తమిళ నోన్బు, మలయాళ నోయంబు, మన నోము ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి. ఓర్చుకోవడం, నిష్ఠతో ఆచరించడం దాని అర్థం. కేరళ క్రైస్తవులు ఈ కాలాన్ని వలియ నోయంబు, అంటే పెద్ద నోము అనే అంటారు. తెలుగులో ఆ దారి మూసుకుపోవడానికి కారణం అర్థసంకోచం కావచ్చునని మా ఊహ. మన దగ్గర నోము ఆడవారి వ్రతంగా, వాయనాలతో, ఉద్యాపనతో ముడిపడిపోయింది. మగవాడు నోము నోస్తున్నానంటే నవ్వుతారు.

మాంసవర్జనానికి తమిళంలో శుద్ధభోజనం అనే మాట ఉంది. లాటిన్ నియమం నిషేధించేది మాంసాన్నే. చేపకు అడ్డులేదు. గుడ్లు, పాలు, వెన్న మధ్యయుగాలలో నిషిద్ధాలు. పండుగనాడు రంగు గుడ్ల వేడుక అందుకే పుట్టింది. కాని మా పరిచయంలోని తెలుగు ఇళ్ళలో ఆ నియమం కంటె పెద్ద నియమం ఒకటి అమలులో ఉంది. అది ‘నీచు’. చేపైనా గుడ్డైనా నీచే. కనుక శుక్రవారాలు చేప వండరు. గుడి అనుమతించినదాన్ని వంటిల్లు అనుమతించలేదు. 1966లో 6వ పౌలు పోపు నియమాలను సడలించి, తప్పనిసరి ఉపవాసాన్ని విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అనే రెండు దినాలకు పరిమితం చేశాడు. 18 ఏళ్ళు నిండినవారి నుంచి 59 ఏళ్ళ వారి దాకా ఉపవాసం, 14 నిండిన అందరికీ మాంసవర్జనం అన్నది ఇప్పటి నియమం. ఇంటి అవ్వలు ఈ సడలింపును లక్ష్యపెట్టిన దాఖలాలు తక్కువ.

పెద్ద వారం మొదటి రోజుకు రెండు పేర్లున్నాయి. కాథలిక్కులు మ్రానికొమ్మల ఆదివారం అంటారు. ప్రొటెస్టెంట్లూ, ఊరి జనమూ మట్టల ఆదివారం అంటారు. యెరూషలేములోకి వస్తున్న క్రీస్తు ముందు జనం పరచినవి ఏమిటి? మత్తయి సువార్త చెట్ల కొమ్మలంటుంది, యోహాను సువార్త ఖర్జూరపు మట్టలంటుంది. ఒక పేరు మత్తయిది, ఇంకొకటి యోహానుది. రెంటికీ గ్రంథబలం ఉంది. కనుక దానిమీద తగవు అనవసరం. చేతిలోకి వచ్చేది మాత్రం ఎక్కడి చెట్టు అక్కడిదే. తమిళులకు తాటి, కొబ్బరి లేతాకు గనుక కురుత్తు ఞాయిరు. కన్నడిగులకు గరిగళ భానువార. వసై వైపు మరాఠీ క్రైస్తవులకు కొబ్బరి కమ్మల పేరిట ఝావళ్యాంచా రవివార్. మన పిల్లలు ఈ నాలుగు పేర్లనూ ఒక వరసలో రాసుకొంటే ప్రాంతీయ వృక్షశాస్త్రం పాఠం ఒకటి తయారవుతుంది.

ఇంతవరకు చెప్పినవి మాటల పుట్టుక. వాటి మనుగడ వేరే సంగతి. 1960ల దాకా పూజ లాటిన్‌లో జరిగేది. గురువు లాటిన్ చదువుతూ ఉంటే జనం జపమాల చెప్పుకొనేవారు. కాని తపస్సుకాలపు శుక్రవారాలలో జరిగే సిలువమార్గం అట్లా కాదు. అది పూజ కాదు గనుక లాటిన్ అక్కరలేదు. గురువు లేకపోయినా ఉపదేశి నడిపించవచ్చు. 1731లో 12వ క్లెమెంట్ పోపు స్థలాల సంఖ్యను 14గా స్థిరపరచాడు. ప్రతి స్థలం దగ్గర మోకరించి, క్రీస్తు పడ్డ బాధను ధ్యానించి, పాట పాడి ముందుకు సాగుతారు. అన్నీ సొంత భాషలోనే. క్రీస్తు శ్రమలకు ఇక్కడ వాడే ‘పాటులు’ అనే మాట చూడండి. పడు ధాతువు నుంచి పాటు, ‘నానా పాట్లు పడ్డాం’ అనేటప్పటి పాటే. తమిళంలోనూ పాడుగళ్. మా దృష్టిలో తెలుగు కాథలిక్ భాషకు గుడిలోపల దొరికిన మొదటి చోటు దివ్యపూజ కాదు, సిలువమార్గమే. సరిహద్దు ఇళ్ళలో ఈనాటికీ నిలిచిన పాత మాటలలో ఎక్కువ భాగం ఈ కాలానికి చెందినవి కావడానికి కారణం ఇదే.

1963 డిసెంబరులో రెండవ వాటికన్ సభ దేశభాషలకు తలుపు తెరిచింది. కొద్ది సంవత్సరాలలో పూజ తెలుగు సీమలో తెలుగైంది. గుంటూరులో, నెల్లూరులో అది పండుగే. కాని కీళచ్చేరి వైపు ఇంట్లో కూర్చొని చూడండి. లాటిన్ ఎవరి భాషా కాదు గనుక ఎవరికీ పోటీ కాదు. గుడిలో లాటిన్ ఉన్నంతకాలం ఇంట్లో, సిలువమార్గంలో తెలుగు సాగింది. లాటిన్ తప్పుకొన్న చోట తమిళం వచ్చి కూర్చుంది. పూజతోపాటు సిలువమార్గమూ, పిల్లల ఉపదేశమూ తమిళమయ్యాయి. కోలారు, బెంగుళూరు వైపు కన్నడమో తమిళమో వచ్చింది. ఆ రెంటి మధ్య తగవు 1980లలో వీధికెక్కినప్పుడు తెలుగు ఊసు ఎత్తినవారు కనిపించరు. జనం భాషలో ప్రార్థన జరగాలన్న సంస్కరణ సరైనదే, దానితో మాకు పేచీ లేదు. అయితే ఆ ‘జనం’ అన్న మాటను రాష్ట్రం హద్దుతో కొలిచారు. కొలతకు అందని ఇళ్ళలో మూడు తరాలుగా విభూది బుధవారం అవ్వల నోట మాత్రం మిగిలింది.

యానాం కథ కొంత వేరు. అక్కడి సెయింట్ ఆన్ దేవాలయం 1846లో పూర్తయింది. ఫ్రెంచి ఏలుబడిలో కచేరీ భాష ఫ్రెంచి, గుడి భాష లాటిన్, వీధి భాష తెలుగు. 1954లో ఫ్రెంచివారు పోయారు, 1962లో విలీనం చట్టరీత్యా పూర్తయింది. చుట్టూ గోదావరి తెలుగు ఉండడం వల్ల యానాంలో లాటిన్ స్థానం తెలుగుకే దక్కింది. గంజాం వైపు సంగతి చెంగల్పట్టుకు దగ్గర. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు సురాడ దాకా పోయి స్థావరం వేశారు. తెలుగూ ఒడియా కలిసి మెలిగే ఆ సీమ మాటల జాబితా మా దగ్గర ఇంకా పలుచగానే ఉంది. బరంపురం విద్యార్థులెవరైనా పూనుకొంటే సంతోషిస్తాం.

పండుగ పేరు చెప్పలేదు. ఈస్టరు అన్నది ఇంగ్లీషు మాట. 8వ శతాబ్దపు బీడ్ అనే సన్యాసి దాన్ని ఎయోస్ట్రె అనే ప్రాచీన దేవత పేరుతో ముడిపెట్టాడు. తెలుగు కాథలిక్కులకు ఇది పాస్కా పండుగ. హీబ్రూ పెసహ్ నుంచి గ్రీకు, లాటిన్ల మీదుగా వచ్చిన మాట. తమిళ కాథలిక్ ఊళ్ళలో ఈ రోజుల్లో ఆడే క్రీస్తు పాటుల నాటకానికే పాస్కా అని పేరు పడిపోయింది. పెద్ద శుక్రవారం కూడా అంతే. శుభ శుక్రవారం ఇంగ్లీషుకు మక్కీకి మక్కి అనువాదం. ఆ ‘గుడ్’కు పవిత్రమని పాత అర్థం ఉందని తెలియక చేసినది. తమిళుల పెరియ వెళ్ళి, మలయాళీల దుఃఖ వెళ్ళి ఇంటి మాటల్లా వినిపిస్తాయి. శుభ శుక్రవారం చెవికి ఎప్పుడూ కొంచెం ఎబ్బెట్టుగానే తోస్తుంది.

ఆ కాగితంలోని ప్రశ్నార్థకానికి వద్దాం. అవ్వ చెప్పిన మాట ఇది: “శనివారం పొద్దున పాస్కా గంటలు కొడితే ఒక్కపొద్దు విడిచేవాళ్ళం.” అమ్మాయి పక్కన ‘ఆదివారం?’ అని రాసింది. అవ్వకు వయసు మీదపడి రోజులు తడబడుతున్నాయనుకొంది. నిజానికి పవిత్ర గురువారం పూజలో మూగబోయిన గంటలు పండుగ జాగరణ పూజలోనే మళ్ళీ మోగాలి. మధ్యలో చెక్క గిలక తిప్పి జనాన్ని పిలుస్తారు. పేరులోనే జాగరణ ఉంది గనుక అది రాత్రి జరగాలి. కాని సాయంకాలపు పూజలను నిషేధించిన 16వ శతాబ్దం నుంచి ఆ ‘రాత్రి’ పూజ శనివారం ఉదయమే జరిగేది. 1917 నాటి సంఘ ధర్మశాస్త్రం ప్రకారం తపస్సుకాలపు ఉపవాసం శనివారం మధ్యాహ్నంతో ముగిసేది. 12వ పయస్ పోపు 1951లో ప్రయోగాత్మకంగా రాత్రి జాగరణను అనుమతించాడు. 1955 నవంబరు శాసనంతో మరుసటి ఏడు, 1956 నుంచి అది అంతటా నియమమైంది.

అవ్వ 1956కు ముందు పిల్ల. ఆమె చెప్పిన రోజు సరైన రోజే. ఈ లెక్క చెప్పినప్పుడు అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తరువాత కాగితం తీసుకొని ప్రశ్నార్థకం చెరిపేసింది. చెరుపుతూ, “అవ్వ ఇంకా చానా చెప్పింది సార్, తప్పులనుకొని నేనే రాయలేదు” అంది. మరుసటి వారం పదకొండు కాగితాలు తెచ్చింది. మొదటి కాగితంలో మొదటి వరుస విభూది బుధవారం.